డివాల్టన్న పళ్ళతొడుగు

మా డివాల్టన్న పళ్ళతొడుగు ప్రతి శనివారం పోతుంది. అదే, రగ్బీలో పళ్ళు రాలిపోకుండా నోట్లో బిగించుకునే రబ్బరుది. ఓడినా పోతుంది, గెలిచినా పోతుంది, ఒకసారి వానకి మ్యాచ్ రద్దయినా పోయింది.

"నోట్లో ఉండేది ఎక్కడికి పోతుందన్నా?" అంటే, "అదేరా నాకూ అర్థం కానిది!" అని తల గోక్కుంటాడు. నూట ఇరవై కిలోల మనిషి అలా తల గోక్కుంటే ఎవరికైనా జాలేస్తుంది. ఇక ప్రిటోరియా శివార్లలోని ఆ మైదానంలో పదిహేనుమందిమీ మోకాళ్ళ మీద గడ్డి దువ్వాల్సిందే. ఈలోగా ఎవరో బొగ్గులు రాజేస్తారు, సాసేజీలు కాలుతాయి, వెతికి వెతికి ఆకలేసి అందరం తినే కదులుతాం. మర్నాడు ఆయనే ఫోన్ చేసి దొరికిందంటాడు.

మాది గే మగవాళ్ళ జట్టు. రెండు జట్లూ వంగి భుజాలు కలిపి ఒకరినొకరు తోసుకునే స్క్రమ్‌లో, ముందువరసలో, నాలుగేళ్ళుగా ఆయన భుజం పక్కన నా భుజం. పేపర్లో మా ఫొటో పడ్డాక నాన్న నాతో మాట్లాడటం మానేశాడు. మిగతావాళ్ళకి ఇంటి దగ్గర ఎవరో ఒకరుంటారు. నాకు గది తాళం ఉంది. అంతమంది మధ్య నలిగొచ్చి ఆ తాళం తీయడం మరీ నరకంగా ఉండేది. ఆటే మానేస్తే ఈ బాధ ఉండదనిపించి, ఆ శనివారమే ఆఖరి మ్యాచ్ అని డివాల్టన్నకి ఒక్కడికే చెప్పాను.

"సరేలే," అన్నాడు. అంతే! నాకు ఒళ్ళు మండింది.

ఆ రోజు స్క్రమ్‌కి వంగుతూ అవతలి జట్టు గడ్డంవాడు, "ఏమోయ్, మీరు పట్టుకుంటారా, కౌగిలించుకుంటారా?" అన్నాడు.

"ముందు పట్టుకుంటాం బాబూ. కౌగిలింత ఆటయ్యాక. కంగారుపడకు, నీకూ ఒకటి ఉంచుతా," అన్నాడు డివాల్టన్న, తొడుగు అడ్డమొచ్చి ముద్దముద్దగా.

ఆరు గజాలు వెనక్కి తోశాం వాళ్ళని. ఆ తోపుతోనే గెలిచాం. ఆయన మాట తప్పే మనిషి కాదు, గడ్డంవాణ్ణి ఎత్తి మరీ కౌగిలించుకున్నాడు.

నేను సంచి తగిలించుకుని గేటు దాకా వెళ్ళానో లేదో, వెనక నుంచి నా పేరు పెట్టి కేక.

"ఓరి దేవుడోయ్! నా పళ్ళతొడుగు! ఒరేయ్ ఖోట్సో, రారా!"

ఈసారి గడ్డంవాడి జట్టు కూడా మోకాళ్ళ మీదికి దిగింది. త్వరగా పోవాలని నేనే గట్టిగా వెతికాను. దొరికింది! నీలం రంగుది.

"ఇదిగో. నేను పోతున్నా."

జెర్సీకి తుడిచి నోట్లో పెట్టుకున్నాడు. అటూ ఇటూ కొరికి చూశాడు. "ఉహూ, పట్టట్లేదు. వెతకరా."

"అది నాదండీ," అన్నాడు గడ్డంవాడు నీరసంగా.

డివాల్టన్నకి భుజం పట్టేసి వంగలేకపోతుంటే బూట్లు నేనే విప్పాను. మేజోడు లాగితే అందులోంచి ఆకుపచ్చ పళ్ళతొడుగు జారిపడింది. నేను ఆయన్ని చూశాను. ఆయన ఆకాశాన్ని చూశాడు.

"ఎన్నాళ్ళ నుంచన్నా ఇది?"

"నువ్వు చేరినప్పటి నుంచి." గొంతు తగ్గించాడు. "మొదటిరోజు తిండి కూడా తినకుండా పారిపోయావు. ఉండరా అంటే ఉండే మొహమా నీది? వెతకమంటే మాత్రం ఉంటావు." పట్టేసిన భుజం రుద్దుకుంటూ, "నా గదిలో మాత్రం ఎవరున్నార్రా?" అన్నాడు.

నాలుగేళ్ళలో ఆ మాట నేనెప్పుడూ అడగలేదు. సిగ్గేసింది.

"దొరికిందా అండీ?" అవతల నుంచి గడ్డంవాడు అరిచాడు.

నేను తొడుగుని మళ్ళీ మేజోట్లోకి తోసేసి, సంచి దించి పక్కన పెట్టాను.

"ఎక్కడండీ! ఇంకా చాలాసేపు వెతకాలి. ముందు ఆ బొగ్గులు రాజేయండి!"