తెగిన తోక తీగ

ముప్పై ఏళ్లుగా ఒక మాట నా గుండెల మీద బండలా కూర్చుంది. మీరెవరో నాకు తెలియదు. తెలియని మనిషి ముందైతే నోరు పెగులుతుందేమోనని రాస్తున్నాను.

రెండో ప్రపంచ యుద్ధం రోజులు. హైదరాబాదులో విమానాలు నడపడం నేర్పే చోట నేను మెకానిక్‌ని. మాది సిద్దిపేట, నేత కుటుంబం. పైలట్ విఠల్ సాబ్ ఒకసారి మా ఊరి మీదుగా వెళ్తూ నన్ను వెనక సీట్లో ఎక్కించుకుంటానన్నారు. వారం ముందే అవ్వకు, మేం అమ్మను అలాగే పిలుస్తాం, కబురు పంపాను, వాకిట్లో నిలబడి చూడమని.

ఎక్కబోయే ముందు తోక తనిఖీ నాది. పైలట్ కాలితో పెడలు తొక్కితే చుక్కానిని తిప్పే ఇనుప తీగలో నాలుగు పోగులు తెగి ఉన్నాయి. చూశాను. పోగు తెగితే ఏమవుతుందో నేతవాడి కొడుక్కి ఒకరు చెప్పాలా? కానీ చెబితే ప్రయాణం ఆగిపోతుంది. అంతా బాగుందని సంతకం పెట్టాను.

సిద్దిపేట కనబడుతుండగా తీగ తెగింది. విమానం ముక్కు పక్కకు తిరిగిపోయింది. నేను అరిచాను. ఆయన అరవలేదు. ఇంజను తగ్గించి, రెక్కలను మెల్లగా సరిచేసుకుంటూ, ఇళ్లు దాటించి, నారాయణరావుపేట దారి పక్కన కోత అయిపోయిన జొన్నచేలో దింపారు. నేల తాకగానే విమానం గిర్రున తిరిగింది. రెక్క విరిగింది. ఆయన కుడి చెయ్యి విరిగింది. నాకు గీత కూడా పడలేదు.

ఆ చేలోనే పడుకుని అడిగారు: "తీగ మంచిగనే ఉండె కద? నువ్వు చూసినవ్ కద?"

"చూసిన సాబ్. మంచిగనే ఉండె."

"అయితే నేనే పెడలు గట్టిగ తొక్కిన. తప్పు నాదే."

ఇంతలో అవ్వ పరుగెత్తుకొచ్చింది. ఆయన తల ఒళ్లో పెట్టుకుని ఏడ్చింది. "నా కొడుకును బతికించినవ్ బిడ్డా."

విచారణలోనూ ఆయన అదే చెప్పారు. మళ్లీ ఆయన చేతికి విమానం ఇవ్వలేదు. అప్పుడెందుకు నోరు తెరవలేదు? కొలువు పోతుందనా? అంతకన్నా, అంతగా నమ్మిన మనిషి ముఖంలో ఆ నమ్మకం విరగడం చూడలేకపోయానేమో. లేక అది కూడా పిరికితనానికి నేను తొడిగిన మంచి పేరేనేమో.

ఆయన వరంగల్‌లో బడి పంతులుగా ఉన్నారని మొన్ననే తెలిసింది. ఆయనకు ఉన్నదున్నట్టు ఉత్తరం రాసి, ఈ ఉదయం పోస్టు చేశాను. క్షమించమని అడగలేదు. జవాబు రాకపోవచ్చు.

మధ్యాహ్నం రెండోసారి అన్నం పెట్టమంటే మా ఇంటామె నవ్వింది. "ఏంది, గియ్యాల గింత ఆకలి?"

ఈ సంగతి ఆమెకూ తెలియదు. ఈ పూటే చెబుతాను.