ఖాలా గిన్నెలో నూనె

మోకాళ్ల నొప్పులకని దవాఖానకు పోతే డాక్టరమ్మ బరువు తగ్గమంది. ఊళ్లో ఆడవాళ్ల నడుములు కొలిచి జాకెట్లు కుట్టే మనిషిని నేను. నా నడుము సంగతి ఇంకొకరు ఎత్తేసరికి చిర్రెత్తుకొచ్చింది. ఆవిడ మాత్రం ఓపిగ్గా లెక్క కట్టింది. నా వయసుకు, ఎత్తుకు, బరువుకు, చేసే పనికి రోజుకు సుమారు పద్దెనిమిది వందల క్యాలరీలు ఖర్చవుతాయట. నాలుగు వందలు తగ్గించి తింటే నెమ్మదిగా, ఆగకుండా తగ్గుతానట.

"పద్నాలుగు వందలు. జల్దీ తగ్గాల్నని గంతకన్న కిందికి పోకు," అంది.

"మిషన్ తొక్కుత గద మేడం, ఇంకో రెండొందలు కలుపరాదు?" అని బేరం పెట్టాను.

"మిషన్‌కు మోటరు పెట్టించుకున్నవా లేదా?"

పెట్టించుకున్నాను. పద్నాలుగు వందలకే ఒప్పుకున్నాను.

ఒక రొట్టెకు ఇన్ని క్యాలరీలని ఫోన్ చెబుతుంది కానీ ఎవరి రొట్టె? నా జొన్నరొట్టె పళ్లెం అంచు దాటుతుంది. చిన్న త్రాసు కొని పిండి తూచడం మొదలుపెట్టాను. ఒక్కదాన్నే ఉండే ఇంట్లో వంట బాగుందనేవారూ లేరు, బాలేదనేవారూ లేరు. త్రాసు మీద అంకె వెలిగితే ఎవరో పలికినట్టుండేది.

లెక్కకు అందనిదల్లా ఖాలా గిన్నె ఒక్కటే. ఖాలా అంటే మా పక్క పోర్షన్‌లో ఒంటరిగా ఉండే పెద్దావిడ. గోంగూరతో పుంటికూర పప్పు చేసినా, బగారా అన్నం చేసినా స్టీలు గిన్నెలో తెచ్చేది. ఆ గిన్నె ఖాళీగా తిరిగివ్వకూడదు కాబట్టి నేను మిర్చి బజ్జీలైనా, పల్లిపట్టీలైనా వేసి ఇచ్చేదాన్ని. ఆ రాకపోకల్లోనే మా మాటలన్నీ గడిచేవి.

ఒకరోజు పప్పు తెచ్చినప్పుడు అడిగాను. "ఖాలా, గిండ్ల నూనె ఎంత పోసినవ్?"

ఆవిడ ముఖం చిన్నబోయింది. "ఎక్కువైందా బేటీ?"

"లే, లెక్క కోసం."

"తినేదాండ్ల లెక్కేంది?" అని వెళ్లిపోయింది.

మా దిక్కు, పెట్టిన కూరలో నూనె ఎంతని అడిగితే వంటకు వంక పెట్టినట్టే. ఇక్కడే పుట్టి పెరిగినదాన్ని, నాకు తెలియదా? త్రాసు పిచ్చిలో నోరు జారింది. ఆ తర్వాత గిన్నె రాలేదు. ఎదురుపడితే సలామంటే సలాం, అంతే. పోయి సర్దిచెప్పడానికి నాకు పొగరు అడ్డం. ఆమె గిన్నె నా దగ్గరే ఉండిపోయింది. అందులో వేసి ఇవ్వడానికి ఇంట్లో దోసకాయలు తప్ప ఏమున్నాయి గనక!

బరువు మాత్రం చెప్పిన మాట వింది. డాక్టరమ్మ అన్నట్టే నెమ్మదిగా, ఆగకుండా దిగింది. జాకెట్లు వదులైతే నేనే కుట్లు బిగించుకున్నాను. ఫోన్ శభాష్ అంది. పక్క ఊరు కంగ్టి నుంచి కొలతలివ్వడానికి వచ్చినవాళ్లు తమ నడుముల గురించే మాట్లాడారు. బక్కగైనావని ఒక్క మనిషి అంటే చాలనిపించేది. ఎవరూ అనలేదు. మధ్యాహ్నం పూట తూచిన రొట్టెను తుంచి మళ్లీ పళ్లెంలోనే పెట్టేదాన్ని. ఆకలి ఉండేది, ఏడుపూ వచ్చేది.

చివరికి ఒక ఆదివారం తూచకుండా నువ్వుల రొట్టెలు రెండు చేసి, ఆ గిన్నెలో పెట్టి ఖాలా తలుపు కొట్టాను.

ఆవిడ గిన్నె వంక చూడనే లేదు. "ఏంది గిట్ల బక్కగైనవ్? పానం మంచిగ లేదా?" అంటూ నా రెక్క పట్టుకుంది.

పొయ్యి మీద పుంటికూర పప్పు ఉంది. నేను చూడటం చూసి ఖాలా సిగ్గుపడింది. "నూనె తగ్గించి చేస్తున్న, నీకు తెద్దామని. ఎన్నిసార్లు చేసినా రుచి వస్తలేదు. గట్లది ఎట్ల తెస్త?"

నేను అలక అనుకున్నదంతా ఇదే. ఆ చప్పటి పప్పు ఇన్నాళ్లూ తనొక్కతే కూర్చుని తిన్నదన్నమాట.

గబగబా పళ్లెంలో వడ్డించి, "రెండు చెంచాలే బేటీ, ఒట్టు. గంతకన్న ఎక్కువ పోయలే," అంది, తప్పు చేసినదానిలా.

నాకు ఏడుపు ఆగలేదు.

"రేపటి సంది నూనె ఎప్పటిలెక్కనే పొయ్యి ఖాలా," అన్నాను. "నేనే ఒక రొట్టె తగ్గించుకుంట."