కొయిర్ పాటలకు పదహారు కోర్ల ప్రాసెసర్

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది. ఏ వస్తువు మీదైనా రాసిన అంకె ఎంత పెద్దదైతే ఆ వస్తువు అంత గొప్పదని. ఫోనైనా, ఫ్యానైనా, చివరికి బూట్లైనా సరే. (బూట్ల విషయంలో ఆ నమ్మకం ఒక్క నెలే నిలిచింది.) అప్పుడే ఉద్యోగంలో చేరాను. పొద్దంతా పేర్లూ చిరునామాలూ కంప్యూటర్‌లోకి ఎక్కించడమే నా పని. అంతమాత్రానికే సంతోష్‌నగర్‌లో మా గల్లీకంతా నేనే కంప్యూటర్ ఇంజనీరునన్నట్టు తిరిగేవాణ్ణి.

మా అమ్మ ఇరవై ఏళ్లు చర్చి కొయిర్‌ను ముందుండి పాడించింది. మెడకు ఆపరేషన్ అయ్యాక మాట మిగిలింది, పాట పోయింది. అయినా ప్రతి శనివారం సాయంత్రం కొయిర్ ఆడవాళ్లు మా ఇంటికే వచ్చి చాప మీద కూర్చునేవారు. అమ్మ తన పాత పాటలు పెట్టి, చేత్తో తాళం వేస్తూ నేర్పేది. అవన్నీ కేసెట్లలో ఉండేవి. నేను వాటిని ఫోన్‌లోకి ఎక్కించి, ఇంకా ఈ డబ్బాలెందుకని కేసెట్లను పాత సామాన్లవాడికి ఇచ్చేశాను. మూడు వారాలు తిరక్కుండానే ఆ ఫోన్ బట్టలు నానబెట్టిన బకెట్‌లో పడింది. (పడేసింది నేనే. ‘పడింది’ అనడం అప్పట్నుంచీ ఉన్న అలవాటు.)

అమ్మ తిట్టలేదు. “పోతే పోనీ తియ్ బిడ్డా. పాడింది నేనే గద, నాకు యాదికే ఉన్నయ్,” అంది. తిట్టి ఉంటే ఎంత హాయిగా ఉండేదో!

కొన్ని పాటలను నేను అంతకుముందే కొయిర్ వాళ్లకు పంపి ఉన్నాను. ఒకరి ఫోన్‌లో రెండు, ఇంకొకరి ఫోన్‌లో నాలుగు మిగిలాయి. వాటన్నిటినీ ఏరి ఒకచోట చేర్చాలి, ఇంట్లో ఎప్పుడూ ఆన్‌లో ఉండే కంప్యూటర్‌లో పెట్టాలి, ఎవరు ఎక్కడున్నా ఫోన్‌లోంచి వినగలగాలి అని తీర్మానించుకున్నాను. ఇక నెలరోజులు వీడియోలే వీడియోలు. అన్నం ముందు కూర్చుని, కోర్లు ఎన్ని ఎక్కువుంటే ప్రాసెసర్ అంత గట్టిదని ఉపన్యాసాలిస్తుంటే అమ్మ పప్పు వడ్డించేది.

కొనడానికి మలక్‌పేటలో ఒక ముసలి చాచా నడిపే కంప్యూటర్ దుకాణానికి వెళ్లాను. వద్దన్నా బాపు వెంట వచ్చాడు. బాపు బస్సు డిపోలో మెకానిక్. అద్దాల బల్ల మీద నేను పదహారు కోర్ల ప్రాసెసర్‌నూ, రంగురంగుల లైట్లు వెలిగే మదర్‌బోర్డునూ పెట్టించుకుని మురిసిపోతుంటే, బాపు చేతులు వెనక్కి కట్టుకుని అడిగాడు.

“పొద్దంత ఇది ఏం పని జేస్తదిరా?”

“పాటలు దాచిపెడ్తది. ఎవరన్న అడిగితే ఇస్తది.”

“అడగకపోతే?”

“ఊకనే ఆన్‌ల ఉంటది.”

“అంటే ఐడ్లింగ్ అన్నట్టు. పొద్దంత నిలవడి ఉండే బండికి లారీ ఇంజనెందుకురా?”

చాచా నవ్వి, “అబ్బా సహీ బోల్‌రే, బేటా. మీ బాపు చెప్పిందే కరెక్టు. గిది ఆటలాడెటోళ్లు కొనేది. నీకు చిన్నదే మస్తు,” అన్నాడు. నాకు చెవులు వేడెక్కాయి. డీజిల్ మనుషులకేం తెలుస్తుందని పెద్దదే కట్టించుకున్నాను. “ఫికర్ జెయ్యకు. నచ్చకపోతే వారంల తెచ్చియ్యి. సామాను మాత్రం ఖరాబు గావొద్దు,” అన్నాడు చాచా.

శనివారం వచ్చింది. కంప్యూటర్ ముందుగదిలో అల్మారా మీద పెళ్లి బరాత్‌లా వెలుగుతోంది. అందరూ కూర్చున్నాక గొప్పగా పాట పెట్టాను. దాని ఫ్యాను కూడా తన పాట మొదలుపెట్టింది. కొయిర్‌లో అందరికన్నా పెద్దావిడ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని విని, “పాట మంచిగనే ఉంది గని, ఎనుక హెలికాప్టర్ ఎందుకొస్తుంది బిడ్డా?” అనడిగింది. అంతలో కరెంటు పోయింది. ఈ భారం నావల్ల కాదని ఇన్వర్టర్ కీచుమని అరిచి ఆగిపోయింది. చీకటి గదిలో ముందుగా వినిపించింది అమ్మ నవ్వు. గరగరమనే ఆ నవ్వు ఆపరేషన్ తర్వాత మేం విన్న మొదటి నవ్వు. అవమానంలో ఉన్నాను కాబట్టి దాని విలువ ఆ క్షణాన నాకు తెలియలేదు.

మర్నాడు వాపసు ఇవ్వడానికి ప్రాసెసర్ ఊడదీస్తుంటే చెయ్యి జారింది. బోర్డు మీద అది కూర్చునే చోట వెంట్రుకల్లాంటి పిన్నులు వందల్లో ఉంటాయి. వాటిలో మూడు వంగిపోయాయి. బాపు నా మొహం చూశాడు. అమ్మ కుట్టుపెట్టెలోంచి సన్నటి సూది తీసుకుని, కళ్లద్దాలు పెట్టుకుని, కిటికీ దగ్గర కూర్చున్నాడు. గంటసేపట్లో మూడు పిన్నులనూ ఒక్కొక్కటిగా నిటారుగా నిలబెట్టాడు.

దుకాణంలో బాపు తనే ముందుగా, “మూడు పిన్నులు వంగినయ్ భాయ్, సీదా చేసిన. చూస్కో,” అన్నాడు. చాచా భూతద్దం పెట్టి చాలాసేపు చూసి, ఆ బోర్డుకు ప్రాసెసర్ బిగించి నడిపించి చూసి, తలెత్తాడు.

“ఎవరు నేర్పిండ్రు సాబ్ మీకు?”

“డిపోల ముప్పై ఏండ్లు ఇదే పని. గాడ గివే జర పెద్దగుంటయ్.”

ఆ రోజు బాపూ చాచా కలిసి ఎంచారు, నేను సంచి పట్టుకున్నాను. కరెంటు తక్కువ తాగే చిన్న ప్రాసెసర్, చప్పుడు చేయని ఫ్యాను, రెండు డిస్కులు పట్టే సాదా బోర్డు. పాటలు రెండింటిలోనూ ఉంటాయి కాబట్టి, ఒకటి పోయినా ఇంకొకటి మిగులుతుంది. ఫోన్‌ను ముంచినవాడికి ఈ ఆలోచన ముందే రావాలి. రాలేదు.

ఆ తర్వాత ఆరు నెలలు ఇంటింటికీ తిరిగి పాటలు ఏరుకొచ్చాను. అన్నీ దొరకలేదు గానీ చాలానే దొరికాయి. పాత కొయిర్ మనిషి ఒకావిడ ట్రంకు పెట్టె అడుగున నేనెప్పుడూ వినని కేసెట్ కూడా బయటపడింది. అందులో అమ్మకు ఇరవై రెండేళ్లుంటాయేమో. ఆ శనివారం గదిలో ఆ గొంతు తప్ప ఇంకే చప్పుడూ లేదు. అమ్మ కళ్లు మూసుకుని చివరిదాకా వింది. ఏడుస్తుందేమోనని నేను నీళ్ల గ్లాసుతో నిలబడ్డాను.

అమ్మ కళ్లు తెరిచి, “ఈ పోరి రెండో చరణంల తొందర పడ్డది. మీరు గట్ల పడకుండ్రి,” అంది.

ఆ కంప్యూటర్ ఇప్పటికీ నడుస్తూనే ఉంది. అప్పుడప్పుడూ మలక్‌పేట వైపు వెళ్లినప్పుడు, ఆ అద్దాల బల్ల ముందు చెవులు ఎర్రబడి నిలబడ్డ కుర్రాడు గుర్తొస్తాడు. ఇప్పుడు ఎదురైతే వాణ్ణి ఒక్క మాటా అనను. చాయ్ తాగించి, ఆ పెద్దదే కొనుక్కో పోరా, శనివారం అమ్మ నవ్వుతుంది అంటాను.