చీనీ గుంతలూ ఆకాశం రాయీ

మా మేనమామది లింగాల. ముప్పై ఏళ్లు గొర్రెలు కాసిన మనిషి. 2025 జనవరిలో మంద మొత్తం అమ్మేసి, ఉన్న చేన్లో చీనీ తోట, అదే బత్తాయి తోట, పెడదామని గుంతలు తీయించాడు. అంట్లు, అంటే అంటుకట్టిన మొక్కలు, పులివెందుల దగ్గర ఒక నర్సరీలో చెప్పిపెట్టాడు. ఫిబ్రవరి నెలాఖరులోగా తీసుకుపోకపోతే వేరేవాళ్లకు ఇచ్చేస్తామని వాళ్లు ముందే అన్నారు. తెచ్చే పని నాది. నేను ప్రొద్దుటూరులో ట్రాలీ ఆటో తోలుతాను. ఏడో తరగతిలో నేను బడిని వదిలానో, బడే నన్ను వదిలిందో ఇప్పటికీ తేలలేదు. ఇద్దరమూ సుఖంగానే ఉన్నాం.

గుంతలు ఎండకు ఆరుతుండగా ఒకరోజు లింగాల పోయాను. అప్పుడే ఫోన్లో ఒక వార్త చూశాను. ఆకాశంలో ఒక గ్రహశకలం కనబడిందట. పేరు 2024 వైఆర్4, అచ్చం బండి నంబరు మాదిరి. 2032 డిసెంబరులో భూమికి తగిలే వీలు కొంచెం ఉందట. తగిలితే ఏ దారిన తగలొచ్చో గీసిన గీత మన దేశం మీదుగా కూడా పోతోందట. ఇంత సరుకు దొరికాక నా నోరు ఊరుకుంటుందా?

"మామా, ఈ చెట్లు నిండుగా కాపుకొచ్చేది ఎన్నేండ్లకు?"

"ఏడెనిమిదేండ్లు పడతాది."

"అంటే ముప్పై రెండుకు. సరిగ్గా ఆ ఏడే పైనుంచి రాయి దిగుతాండాదంట. కాయలు కోసే కూలోళ్లతో పనిల్యా నీకు. అదే రాలుస్తాది."

అత్త పకపకా నవ్వింది. మామ నవ్వలేదు.

"యాడ పడతాదంట?"

"మన పక్కే అంటాండారు. సర్వే నంబరు మాత్రం రాయలే."

మజ్జిగ తాగి ఊరికొచ్చేశాను. మాట అక్కడే మరిచిపోయాను. నాలుగు రోజులకు అత్త ఫోను చేసింది.

"ఏం సెప్పినావప్పా ఆయనకు? ఎరువు తోలే ట్రాక్టరును ఎనక్కి పంపిచ్చినాడు. గుంత గట్టు మీద కూసోని పైకి జూస్తాండాడు. గొర్రైతే ముందరేసుకోని తోలుకపోవచ్చు, చెట్టును యాడికి తోలేది అంటాండాడు."

నా నవ్వు ఆగిపోయింది. మంద పోయింది, తోట రాలేదు. నెలాఖరు దాటితే మామ గొర్రెలు లేని గొర్రెలాయనా, చెట్లు లేని రైతూ అవుతాడు. అంతా నా నోటి పుణ్యమే.

ఆ వారం బట్టల మూటలు దించడానికి జమ్మలమడుగు పోయినప్పుడు, నాకు ఏడో తరగతి దాకా సైన్సు చెప్పిన టీచరమ్మ ఇంటికి వెళ్లాను. ఆదివారం కాబట్టి ఆమె అప్పుడే చర్చి నుంచి వచ్చి, బైబిలు బల్ల మీద పెడుతోంది.

"పాఠం చెప్పినప్పుడు గోడ దూకి పోయి, ఇప్పుడొచ్చినావా? కూసో."

నేను రాయి సంగతి చెప్పగానే సుద్దముక్కతో నేల మీద సూర్యుణ్ణి పెట్టింది. చుట్టూ గుండ్రంగా భూమి దారి. రాయి దారి మాత్రం కోడిగుడ్డును సాగదీసినట్టు గీసింది. ఒక కొస మన దారికి కాస్త లోపల, రెండో కొస అంగారకుణ్ణి దాటి గురుగ్రహం దిక్కుగా శానా దూరాన. ఒక చుట్టు తిరగడానికి దగ్గర దగ్గర నాలుగేళ్లు.

"పోయిన డిసెంబరులో మన పక్కనుంచే పోయింది. పోయిన రెండు దినాలకు కనుక్కున్నారు."

"అంటే జూసింది దాని ఈపా?"

"ఈపే. ఇప్పుడు దూరం పోతాండాది. మళ్లా ఇరవై ఎనిమిదిలో వస్తాది."

నలభై, తొంభై మీటర్ల మధ్య ఉండొచ్చనీ, ఇరవై నిమిషాల లోపే తన చుట్టూ తాను ఒకసారి తిరుగుతుందనీ చెప్పింది.

"అంత దూరాన గడియారం పట్టుకోని కూసున్నారా టీచరమ్మా?"

"ఎండలో స్టీలు తట్ట తిప్పు. ఒకసారి తళుక్కుమంటాది, ఒకసారి మసకైతాది. ఎంతసేపటికి తళుక్కుమందో చూసుకుంటే సరిపాయె."

అరవై మీటర్లనీ, సంగటి ముద్దను అరచేత్తో అదిమినట్టు చదునుగా ఉందనీ తర్వాత తేలింది. మన ఆర్టీసీ బస్సులు ఐదు వరసగా నిలబెట్టినంత.

రెండు రోజులకు లింగాల పోయాను. సరిగ్గా అదే రోజు ఫోన్లో, రాయి తగిలే వీలు ఎంతో చెప్పే అంకె పెరిగి నూటికి మూడు దాటింది. అన్నిటికన్నా ఎక్కువైంది ఆ రోజే. మామ గట్టు మీదే ఉన్నాడు. నేను మట్టిలో కోడిగుడ్డు గీసి, రాయి మనల్ని దాటి పోయిందనీ, కొన్ని వారాల దారి మాత్రమే చూశారనీ, అంకె మాత్రం మూడుకు పెరిగిందనీ చెప్పాను. మామ ఆ గీత వెంబడి వేలు పోనిచ్చాడు.

"అడుగులు దొరికినాయన్నమాట," అన్నాడు.

"ఏం అడుగులు?"

"గొర్రె తప్పిపోతే ఏం జేస్తాం? రెండడుగులు కనపడితే నాలుగూర్ల మీద అనుమానం. ఇంకో పదడుగులు కనపడితే రెండూర్లు తప్పుకుంటాయి. మిగిలిన రెండూర్ల మీద అనుమానం పెరుగుతాది గదా, గొర్రె ఆడ ఉన్నా లేకున్నా? నీ అంకె పెరిగింది అందుకే."

టీచరమ్మ దగ్గర గంటసేపు కూర్చున్నా నాకు ఎక్కని ముక్క అది.

"నూరంట్లు పెడితే పదో పన్నెండో వేరుకుళ్లుకు పోతాయి. తెలిసే పెడతాండా. నువ్వు నూటికి మూడు సెప్పి ఆపుతావా? పోయి అంట్లు తీస్కరాపో."

ఇప్పుడు నాకు పట్టుకుంది భయం. ఎగతాళి చేసినప్పుడు చిన్నగా ఉన్న అంకె, బండి స్టార్ట్ చేయబోతే పెద్దగా కనబడింది.

"మామా, నాలుగు దినాలు ఆగుదాం. అంకె తగ్గినాంక…"

"రాయన్నా ఆగుతాదేమో గానీ నర్సరీవోడు ఆగడు. కదులు."

మరుసటి రోజు పులివెందుల నుంచి అంట్లు తెచ్చాను. వేర్ల మట్టి రాలకుండా రోడ్డు మీద ప్రతి గుంతకూ బండి నిదానం చేస్తూ, మధ్యమధ్యలో పైకి చూస్తూ. మామ ఎరువు తోలించి, డ్రిప్పు పైపులు పరిచి, రెండు రోజుల్లో నాటేశాడు. నాటడం అయ్యేసరికి అంకె నూటికి ఒకటి కన్నా కిందికి పడింది. ఇంకొన్ని రోజులకు భూమికి ఏ భయమూ లేదన్నారు. చందమామకు తగలొచ్చేమో అన్నారు గానీ, అక్కడ మనకు తోట లేదు.

ఆ మాట చెబుదామని పరిగెత్తుకుంటూ పోయాను. మామకు ముందే తెలుసు, అత్త ఫోన్లో చూసిందట. తోటంతా తిరిగాం. మూలన ఒక గుంత ఖాళీగా ఉంది.

"ఇదేంది మామా, ఒకటి మర్సిపోయినావే?"

"మర్సిపోలేదప్పా. అది నీ రాయికి. అంత దూరం నుంచి వస్తే దిగేదానికి చోటుండొద్దా?"

అత్త ఈసారి చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని మరీ నవ్వింది. అంట్లు బతికాయి, నడుము ఎత్తు దాటాయి. నేను పోయినప్పుడల్లా మామ నా చేతికి పార ఇస్తాడు. ఆ ఖాళీ గుంతలో గడ్డి తీసే పని నాది.