నాలుగు మూలలా పసుపు

మొన్న ఆదివారం బెంగుళూరులో మా హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్ అపార్టుమెంటు క్లబ్ హౌసులో చేత్తో గ్రీటింగ్ కార్డులు చేయడం నేర్పుతారని నోటీసు పెడితే, పొద్దుపోవడానికి నేనూ వెళ్ళి వెనక కుర్చీలో కూర్చున్నాను. నేర్పే అమ్మాయికి పాతికేళ్ళుంటాయేమో. బల్ల నిండా రబ్బరు ముద్రలు, రంగురంగుల ఇంకు డబ్బీలు, రెండు వైపులా మొనలున్న స్కెచ్ పెన్నులు. వాటి మధ్యలో చెరుకురసం మిషనుకు మనవరాలిలా ఒక చిన్న యంత్రం. సీతాకోకచిలుక ఆకారంలో ఉన్న పల్చటి ఇనప అచ్చును కాగితం మీద పెట్టి, యంత్రంలోకి తోసి, పిడి తిప్పింది. అవతలి వైపు నుంచి మీసాలతో సహా సీతాకోకచిలుక తెగి వచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు. నా వంతు వచ్చేసరికి నేను అలవాటు కొద్దీ పీట కోసం చుట్టూ చూశాను కాబోలు, "ఆంటీ, బలం అస్సలు అక్కర్లేదు, జస్ట్ తిప్పండి చాలు" అంది. నాకు నవ్వు ఆగలేదు. "మా ఇంట్లో అయితే దీని మీదికి మనిషిని ఎక్కించేవాళ్ళం తల్లీ" అన్నాను. ఆ పిల్ల నా వైపు కాస్త జాలిగా చూసి, మంచినీళ్ళు కావాలా అని అడిగింది.

నేను చెప్పింది అక్షరాలా నిజం. తొంభైల్లో మదనపల్లెలో పెళ్ళయి, నేను బెంగుళూరు కబ్బన్‌పేటలో కాపురానికి వచ్చాను. సందు పొడుగునా మగ్గాల చప్పుడే. మొదటి నెలంతా మావారు ఏం చెప్పినా నాకు సగమే వినపడేది. మా కాపురం చక్కగా కుదురుకోవడానికి అదీ ఒక కారణమని ఇప్పటికీ నా నమ్మకం. మా అత్తగారివాళ్ళు తాతల కాలం నుంచీ బెంగుళూరు తెలుగువాళ్ళు. ఇంట్లో మేం నలుగురమే: అత్తగారు, మావారు, నేను, మావారి చెల్లెలు. ఆడబిడ్డ అర్ధమొగుడని భయపెట్టి పంపించారు మా ఊళ్ళో. తీరా చూస్తే ఈ అర్ధమొగుడు మొదటి రోజే నా పెట్టెలో రంగుల డబ్బా చూసి, "వదినా, నీకు బొమ్మలెయ్యను వస్తాదా?" అని పక్కన చతికిలబడింది. ఆ కూర్చోవడం కూర్చోవడం, కొత్త సంవత్సరానికి అందరికీ పంపే కార్డులు చేస్తూ ఇద్దరం కలిసి నాలుగైదేళ్ళు ఆ నేల మీద నుంచి లేవలేదు.

ఆమె సుల్తాన్‌పేటలో పెళ్ళి పత్రికలు అచ్చువేసే ప్రెస్సులో పనిచేసేది. అచ్చయి వచ్చిన పత్రికల్ని ఆకారాలుగా కోసి, మడతలు పెట్టే గదిలో ఆమె ఉద్యోగం. కోయడానికి వాడే అచ్చు అంటే, చెక్కలో దిగ్గొట్టిన ఉక్కు పట్టీ. కలశం కావాలంటే కలశంలా, ఏనుగు కావాలంటే ఏనుగులా ఆ పట్టీని వంచి ఉంటారు. పదును పోయిన అచ్చుల్ని ప్రెస్సువాళ్ళు మూలకు పడేస్తే ఈమె అడిగి ఇంటికి తెచ్చుకునేది. ఇంట్లో యంత్రం లేదు కదా, మరి కాగితం తెగడమెలా? అచ్చును నేల మీద వెల్లకిలా పెట్టి, దాని మీద అట్ట, అట్ట మీద పాత హవాయి చెప్పుల రబ్బరు, ఆ పైన పీట వేసి, పీట మీదికి ఒక మనిషిని ఎక్కించి అటూ ఇటూ ఊగమనేవాళ్ళం. మనిషి ఎంత బరువుంటే బొమ్మ అంత శుభ్రంగా తెగేది. మావారు ఆఫీసు నుంచి రాగానే బూట్లు విప్పి ముందు పీట ఎక్కేవారు, ఆ తరవాతే కాఫీ. ఇంటికి వచ్చిన చుట్టాలకు కుర్చీ చూపించే ముందు పీట చూపించేవాళ్ళం. పాపం, కొందరు రావడం తగ్గించారు కూడా.

నా వంతు ముద్రలు. చదువుకునే పిల్లలు వాడే రబ్బరు ముక్కను మావారి గడ్డం బ్లేడుతో చెక్కి చిలక, మామిడి పిందె, తామరపువ్వు చేసేదాన్ని. ముచ్చిక వైపు అడ్డంగా కోసిన బెండకాయ సిరాలో ముంచి అద్దితే అయిదు రేకుల పువ్వు వచ్చేది. కార్డులు ఎక్కువ చేసిన వారం మా ఇంటి పులుసులో బెండకాయలు తక్కువగా ఉండేవి. నీళ్ళరంగుల్లో పళ్ళు తోముకునే బ్రష్షు ముంచి, కుచ్చును వేలితో గీకితే ఆకాశం నిండా చుక్కలు రాలేవి, కొన్ని గోడ మీద కూడా రాలేవి. ఇన్ని చేసినా ఆడపడుచుకు తృప్తి ఉండేది కాదు. ప్రతి కార్డునూ మూసి, నోటి దగ్గర చిలక ముద్ర కొట్టిన గుండ్రటి కాగితం బిళ్ళ అంటించాల్సిందే. "చేతికి రాగానే తెరిచేస్తే ఏమి మజా వదినా? స్వల్ప సేపు ఆగల్ల, ఆ బిళ్ళ తీయను మనసొప్పగూడదు" అనేది.

ఇక కాగితం సంగతి. ప్రెస్సుకు కాగితాలు సరఫరా చేసే కంపెనీ తరఫున కె.ఆర్.పురం నుంచి ఒకతను స్కూటరు మీద వచ్చేవాడు. మనిషి సన్నం, గాలి వీస్తే స్కూటరే అతన్ని పట్టుకుని నిలబెట్టేదని ఆడపడుచు నవ్వేది. మా మాదిరే పాత బెంగుళూరు తెలుగువాళ్ళు. అతని దగ్గర రకరకాల కాగితాల ముక్కలు కలిపి కుట్టిన నమూనా పుస్తకాలుండేవి. కొత్తవి వచ్చినప్పుడల్లా పాతవి ఈమెకు ఇచ్చేవాడు. మొదట్లో ఏడాదికొకటి వచ్చేది. తరవాత మూడు నెలలకొకటి. కాగితాలు అంత త్వరగా పాతబడతాయా అని నాకు అనుమానం వచ్చింది. ఆమెను అతను "మేడం" అనేవాడు, అతన్ని ఆమె ఏమీ అనేది కాదు. కానీ అతనికి పంపే కార్డుకు మాత్రం మంచి కాగితం ముందే తీసి పరుపు కింద దాచేది. నాకు అర్థమైంది. అర్థమై ఏం లాభం? అతను నోరు విప్పడు, ఈమె మనసు విప్పదు.

అలా ఉండగా ఒక డిసెంబరులో దేవనహళ్ళి సంబంధం వచ్చింది. అబ్బాయివాళ్ళకు చకోత పళ్ళ తోట, అదే, పంపరపనస. పిల్లను చూడ్డానికి సంక్రాంతి వెళ్ళాక వస్తామని కబురుపెట్టి, కబురుతో పాటు గోనెసంచి నిండా చకోత పళ్ళు పంపారు. ఒక్కొక్కటీ పిల్లవాడి తలకాయంత. రోజూ సాయంత్రం ఆడపడుచు వాటిని ఒలిచి, తొనలు తీసి, మా అందరికీ పంచిపెట్టేది. అంతకు ముందు వచ్చిన సంబంధాలన్నిటికీ ఏదో ఒక వంక పెట్టిన పిల్ల, ఈసారి ఏమీ అనలేదు. ఎన్నాళ్ళని కాదంటుంది? అత్తగారి ఆనందానికి పట్టపగ్గాలు లేవు. నాకు మాత్రం ఆ చకోత తీపి గొంతు దిగేది కాదు. "కె.ఆర్.పురం కార్డులో ఈసారి ఒక్క మాటన్నా రాయరాదా?" అని అడిగాను. "రాసినాను గదా, హ్యాపీ న్యూ ఇయర్ అని" అంది తల ఎత్తకుండా.

ఆ ఏడాది ప్రెస్సు నుంచి తెచ్చిన అచ్చు పల్లకీ. పల్లకీ, బోయీలు, పైన గొడుగు. మొండిబారిపోయిన అచ్చు. మావారు ఎక్కి ఊగితే గానీ తెగేది కాదు. ఎరుపు అట్ట మీద పల్లకీ ఖాళీలోంచి బంగారు కాగితం కనిపించేలా కార్డులన్నీ చేసి, బిళ్ళలు అంటించి, అలమర మీద ఆరబెట్టి పడుకున్నాం. పొద్దున లేచి చూస్తే ప్రతి కార్డుకూ నాలుగు మూలలా పసుపు. అత్తగారు తెల్లవారుజామునే లేచి పూజ చేసుకుని, ఆ చేత్తోనే అన్నిటికీ అద్దేశారు. "ఇదేంది మా!" అని కూతురు నెత్తి కొట్టుకుంటే, "ఇంట్లో పెండ్లి మాట నడస్తా ఉండాది. ఈ ఇంట్లోంచి పోయే అట్టకు పసుపు లేకుంటే ఎట్ల? సుమ్నే, గమ్మున ఉండు" అన్నారు. మళ్ళీ చేసే ఓపిక లేక అలాగే కవర్లలో పెట్టి పోస్టు చేశాం. పక్కింటి క్రైస్తవ టీచరమ్మకు క్రిస్మస్ కార్డుగా అదే ఇచ్చాం. ఆమె, మేరీమాతను ఊరేగించే పల్లకీ కాబోలని మెచ్చుకుని గోడకు తగిలించుకుంది.

కొత్త సంవత్సరం వచ్చిన మొదటి ఆదివారం పొద్దున, మా వాకిట్లో స్కూటరు ఆగింది. అతను మా ఇంటికి రావడం అదే మొదలు. చేతిలో లావుపాటి నమూనా పుస్తకం ఉంది. పాతది కాదు, అట్ట ఇంకా మెరుస్తున్నది. "ఇది మేడంకు ఇయ్యండమ్మా. ఈ ఏడుదే. ఇంగ నేను ఈ పక్క రాను, లైను మార్పించుకున్నాను. పెండ్లికి గూడా రాలేను, తప్పు అనుకోవద్దండి" అన్నాడు అత్తగారితో, గుమ్మం దాటకుండానే.

"ఎవురి పెండ్లప్పా?" అన్నారు అత్తగారు.

అతను చొక్కా లోపలి నుంచి కార్డు తీశాడు. ఎర్ర అట్ట, బంగారు పల్లకీ, నాలుగు మూలలా పసుపు. చిలక బిళ్ళ అంటించింది అంటించినట్టే ఉంది. నాకు నవ్వు రావాలో ఏడుపు రావాలో తెలియలేదు. అత్తగారు మాత్రం తన పసుపు తప్పని ఎందుకు ఒప్పుకుంటారు? "ధనుర్మాసంలో ఎవురన్నా పెండ్లి పత్రికలు పంచుతారా? అంత మాత్రం తెలీదా నీకు?" అని గద్దించారు.

"పసుపు చూసినాక నాకేమీ తోచలేదమ్మా."

మా ఆడపడుచు వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. "లోపల చూడలేదా?" అంది.

"చూడబుద్ధి కాలేదు మేడం" అన్నాడు, చెప్పుల వైపు చూస్తూ. "లోపల మీ పేరు పక్కన ఇంకో పేరు ఉంటాది గదా."

ఆ రోజు ఆదివారం. మగ్గాలు ఆగి ఉన్నాయి. అందుకని ఆ మాట ఇంట్లో అందరికీ పూర్తిగా వినపడింది. ఆడపడుచు ముఖం చూడాలి అప్పుడు. "లోపల ఏ పేరూ లేదు" అని గబుక్కున లోపలికి వెళ్ళిపోయింది. మావారు చేతిలోని పేపరు మడిచి, అతన్ని లోపలికి పిలిచి కూర్చోబెట్టారు. అత్తగారు నాలుగు ప్రశ్నల్లో అతని ఇంటిపేరు, మేనమామ ఊరు, తల్లి ఆరోగ్యం తెలుసుకుని, మంచివాళ్ళే అన్నట్టు తల పంకించి, అంతలోనే దిగులు పడిపోయారు. "అంతా సరే. దేవనహళ్ళివాళ్ళకు ఏమి జవాబు చెప్పేది? అన్నన్ని చకోత పండ్లు తినేసినాము గదప్పా!"

"పండ్లు తిన్నది మనం. చేసుకోవాల్సింది అది. దాన్నే అడుగు" అన్నారు మావారు.

లోపలి నుంచి జవాబు అడక్కుండానే వచ్చింది. "నేను ఒక్క తొన గూడా తినలేదు మా."

అప్పుడు చూసుకున్నాం మేం ఒకరి ముఖాలు ఒకరం. నిజమే. రోజూ ఒలిచింది, పంచింది, ఎవరికి చాలలేదో చూసి మళ్ళీ వేసింది. తను నోట్లో వేసుకోగా చూసినవాళ్ళు లేరు. సంచిలో మిగిలిన పళ్ళకు తోడు మా అత్తగారు ఒక బుట్టెడు కమలాలు కొని, మర్నాడే మావారిని దేవనహళ్ళి పంపి మర్యాదగా మాట ముగించారు. వాళ్ళూ పెద్దమనుషులే, కాఫీ ఇచ్చి పంపారట.

పెళ్ళి పత్రికలు ప్రెస్సులోనే వేయించినా, దగ్గరివాళ్ళకు మాత్రం చేత్తో చేసినవే ఇవ్వాలని ఆడపడుచు పట్టుబట్టింది. పల్లకీ అచ్చు మళ్ళీ నేల మీదికి వచ్చింది. కాబోయే పెళ్ళికొడుకును పీట ఎక్కించాం. అతను పాపం ఒళ్ళంతా చెమటలు పట్టేలా ఊగాడు. తీసి చూస్తే కాగితం మీద గీతలు పడ్డాయి గానీ తెగలేదు. మావారు లేవబోతే అత్తగారు కళ్ళతోనే కూర్చోబెట్టి, "నువ్వు గూడా ఎక్కవే, చూస్తా నిలబడుకున్నావు" అన్నారు కూతురితో. ఇద్దరూ ఒకే పీట మీద, పడకుండా ఒకరి మోచెయ్యి ఒకరు పట్టుకుని ఊగితే, బోయీలతో సహా పల్లకీ శుభ్రంగా తెగి వచ్చింది.

క్లబ్ హౌసు నుంచి వచ్చాక ఆడపడుచుకు ఫోన్ చేసి, పిడి తిప్పితే తెగే యంత్రం గురించి చెప్పాను. కె.ఆర్.పురంలో మొగుడూపెళ్ళాలిద్దరూ ఇప్పుడు ఎంచక్కా ఒళ్ళు చేశారు. ఎవరు ఒక్కరు ఎక్కినా పల్లకీ ఏం ఖర్మ, పీట కూడా తెగుతుంది. "ఆ కార్డు ఉందా ఇంకా?" అన్నాను. ఉందట, బీరువాలో పట్టుచీరల మధ్య. విప్పి చూద్దామని ఈమె ఎప్పుడన్నా అంటే, "ఉండనీ మేడం, ఏమి తొందర" అంటాడట, ఇప్పటికీ మేడం అనే పిలుస్తూ. పసుపు వెలిసిందట గానీ బిళ్ళ ఊడలేదట. ఆ తరవాత ఎన్ని కొత్త సంవత్సరాలు వచ్చి పాతబడిపోయాయో. ఆ ఒక్కటి మాత్రం మా చిలక బిళ్ళ కింద, ఇంకా మొదలుపెట్టకుండా, అలాగే ఉంది.