ఒక పోగు

సిరిసిల్లలో మరమగ్గాలు ఆగిపోయిన ఏడాది, నూలుకు రంగులద్దే నర్సయ్య బతుకుదెరువుకు మహారాష్ట్రలోని భివండి పోయాడు. పదేళ్లుగా అక్కడి అద్దకం కార్ఖానాలోనే ఉన్నాడు. ఆ రెక్కల కష్టంతో చదివిన కూతురు మంజుల, హైదరాబాదులో ఒక ప్రయోగశాలలో ప్రోటీన్ స్ఫటికాలు పెంచుతోంది.

మూడు నెలలు కదపకుండా కాపాడితే, ప్రోటీన్ ద్రావణం చుక్కల్లో రెండింట సన్నని పలుకులు మెరిశాయి. మంజులకు సంతోషం రాలేదు. ఇంతకుముందు రెండుసార్లు అలా మెరిసినవి ఉత్తి ఉప్పు. ఆ కోపం ఇంకా తీరలేదు. ప్రోటీన్ అయితే నీలిరంగు పీల్చుకుంటుంది, ఉప్పు పీల్చుకోదు. కానీ రంగు వేస్తే ఆ చుక్క ఇక పనికిరాదు. వారమైనా ఆమె రంగు సీసా ముట్టలేదు.

ఫోనులో సంగతి విని నర్సయ్య విసుక్కున్నాడు.

“నూలో పాలిస్టరో తెల్వకుంటే నేనేం జేస్త? ఒక పోగు తెంపి రంగుల ముంచుత. నూలుకు రంగు పడ్తది, పాలిస్టరుకు పట్టది. పోగు పోతదని భయపడితే సరుకంత పోతది. రెండున్నయి గద, ఒకదాంట్ల ఎయ్యి.”

మంజుల వేసింది. మధ్యాహ్నానికి చుట్టూ నీరు తేటపడి, పలుకు మాత్రం నీలంగా నిలిచింది. ఫోటో తీసి పంపింది.

“అది నూలే బిడ్డ,” అన్నాడు నర్సయ్య. “ఇగ ఆ రెండోదాన్ని పైలంగ సూస్కో.”