అత్త పేరు పక్కన

ఆ కబురు మా ఇంటికి మొదట మోసుకొచ్చింది కల్లూరులో దస్తావేజులు రాసే భాయ్. చెప్పులు విప్పకముందే, "అక్కా, ఇగ కాయితాలల్ల మనుషుల్ని కుంటి, గుడ్డి అని రాయొద్దంట. పెద్ద కోర్టోళ్లే చెప్పిండ్రంట," అన్నాడు. ఆయన అక్కా అన్నది మా మేనత్తను.

చిన్నప్పుడే పోలియో వచ్చి అత్త ఎడమకాలు సన్నబడింది. అడవి అంచున ఉన్న మా ఊరి నుంచి వాగు దాటించి నన్ను బడికి పంపడానికి ఇంట్లో భయపడితే, అక్షరాలు దిద్దించింది ఆమే. వీధి గదిలో ఊరి పిల్లలకు ఇప్పటికీ చదువు చెబుతుంది. ఆ గదిని తన చెల్లెలైన అత్త పేర రిజిస్ట్రీ చేయించాలని మా నాన్న పట్టుదల. కాగితం సిద్ధమైన ప్రతిసారీ అత్త సంతకం పెట్టకుండా లేచిపోయేది. తాతయ్య నాటి పంపకాల కాగితంలో ఆమె పేరు పక్కన "కుంటిది, పనిపాట లేనిది" అని ఉంది. పాత కాగితంలో ఉన్నది ఉన్నట్టు దించడం రాసేవాళ్ల అలవాటు. ఒక్క అక్షరం మారినా రిజిస్ట్రీ ఆఫీసులో వెనక్కి పంపుతారని వాళ్ల భయం.

"ఆ మాటతోని వచ్చే గది నాకొద్దు," అనేది అత్త. గది ఆమె పేర లేకపోతే, రేపు ఎవరైనా ఖాళీ చేయమంటే ఆ పిల్లల చదువేమవుతుందని నాకు దిగులు. రోజూ ప్రార్థనలో అదే అడిగేదాన్ని.

భాయ్ సంచిలోంచి కొత్త చిత్తుప్రతి తీశాడు. "ఇగో, దివ్యాంగురాలు అని రాసిన. మంచిగుందా?"

అత్త పకపకా నవ్వింది. "నా కాలు సంగతి కాయితానికెందుకు భాయ్? మా అన్నకు బట్టతల అని రాసినవా?"

నాన్న తల తడుముకున్నాడు. "నడుమ నా తలేం జేసిందే?"

"మరేం రాయమంటవ్ అక్కా?" అన్నాడు భాయ్.

"మా అన్నకు వ్యవసాయమని రాసినవ్ గద. నాకు గూడ నేను జేసే పని రాయి."

భాయ్ దివ్యాంగురాలు అన్న మాట కొట్టేసి, "వృత్తి: పిల్లలకు చదువు చెప్పుట" అని రాశాడు. అత్త దాన్ని రెండుసార్లు చదువుకుంది. మర్నాడు ఆటోలో కల్లూరు ఆఫీసుకు వెళ్లి, నాకు ఓనమాలు దిద్దించిన ఆ గుండ్రటి రాతతోనే సంతకం పెట్టింది. ఎవరూ వెనక్కి పంపలేదు. దేవునికి స్తోత్రం. చేతికి అలవాటైన మాటను విడిచిపెట్టిన భాయ్ మేలు కూడా నేను మరువను.

ఇప్పుడు అత్తకు చూపు మందగించింది. పిల్లలు చదువుతుంటే కళ్లు మూసుకుని విని, తప్పు దొర్లినచోట చేతికర్రతో నేల మీద తడుతుంది. మీకు మొదటి అక్షరం దిద్దించినవాళ్లను తలుచుకునేటప్పుడు, మా అత్తను కూడా ఒకసారి తలుచుకోండి.